పాత పగులు

గుమ్మలపాడు, పాడేరు దగ్గర
జూన్ 16

ప్రియమైన మణికి,

ఈ కాలంలో ఉత్తరాలేంటే అని నవ్వుకుంటావని తెలుసు. ఏం చెయ్యను, మా బడి దగ్గర ఫోను పలకదు. కొండ సగం ఎక్కితే ఒక గీత సిగ్నల్ వస్తుంది, మాట మొదలుపెట్టేసరికి అదీ పోతుంది. పోస్టుమాన్ మాత్రం వారానికి రెండుసార్లు తప్పకుండా వస్తాడు. అందుకని ఆయన్నే నమ్ముకున్నాను.

పార్సిల్లో మా బడి లాప్‌టాప్ పంపుతున్నాను. పదకొండేళ్ళది. నూటపది మంది ఆడపిల్లలకి ఇదొక్కటే కంప్యూటర్. ఇక్కడ నెట్ లేదు కాబట్టి పాఠాలన్నీ నేనే చదివి, రికార్డు చేసి, బొమ్మలు చేర్చి దాన్లో పెట్టాను. నాలుగేళ్ళ పని. అది ఉండే గది తాళం కూడా నా దగ్గరే ఉంటుంది, అంత భద్రంగా చూసుకున్నాను.

కిందటి నెలాఖరులో బల్ల మీంచి పడింది. ఎడమ మూల పగిలి, తెర ఒక పక్క ఊడి వేలాడుతోంది. కింది బాడీ నోరు తెరిచింది. చిత్రమేమిటంటే, ఆన్ చేస్తే పనిచేస్తోంది. పాత చున్నీ ముక్కతో కట్టి వాడదామనుకున్నాం కానీ తెర నిలబడదు. ఎవరో ఒకరు వెనక నుంచి పట్టుకుని కూర్చోవాలి. పాడేరులో, విశాఖపట్నంలో కూడా చూపించాను. అందరిదీ ఒకటే మాట: దీని బాడీ దొరకదు, కొత్తది కొనుక్కోండి. మా బడి నడిపే ట్రస్టు వాళ్ళు ఈ ఏడు కొత్తది ఇవ్వరు.

అమీర్‌పేటలో దొరకనిది లేదని నువ్వే అనేదానివి. మీ ఆఫీసు పంజాగుట్టలోనే కదా. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఒక మంచి మెకానిక్‌కి ఇచ్చి, దగ్గరుండి చేయించు. నీలాంటి టెక్నికల్ ఆఫీసరు ఎదురుగా నిలబడితే ఎవడూ మోసం చెయ్యడు. మా హెడ్‌మాస్టరు సూర్యనారాయణ గారు దీని విషయంలో చాలా పట్టుదలగా ఉన్నారు. స్టాకు రిజిస్టర్లో ఆయన సంతకం మీద ఉన్న వస్తువు ఇది. తొందరగా అయితే నాకు ఊపిరాడుతుంది.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రవళి


బల్కంపేట, హైదరాబాద్
జూన్ 29

రవళికి,

వందనాలు. పార్సిల్ క్షేమంగా అందింది. నువ్వు చెప్పినట్టే మెకానిక్‌కి ఇచ్చాను. ఆ మెకానిక్ నేనే.

ఈ వాక్యం రాయడానికి మూడు కాగితాలు చింపాను. నాకు పంజాగుట్టలో ఆఫీసు లేదు. ఉండేది, రెండున్నర నెలలు. తర్వాత మనుషుల్ని తగ్గించారు, నన్నూ పంపేశారు. ఆరేళ్ళ నుంచీ అమీర్‌పేటలో ఒక సెల్లార్‌లో, హనుమత్ప్రసాద్ గారి లాప్‌టాప్ రిపేరు షాపులో పనిచేస్తున్నాను. ముందు గాజు తలుపు, కౌంటరు, అక్కడ తేజ అనే కుర్రాడు. వెనక కర్టెన్ కట్టిన గదిలో బల్ల, లైటు, భూతద్దం, నేను. వచ్చినవాళ్ళు మెషీను తేజ చేతికిస్తారు. తేజ నాకిస్తాడు. నేను బాగుచేశాక తేజ తీసుకెళ్ళి ఇస్తాడు. రసీదు మీద సంతకం అతనిదే. చేసింది ఎవరని ఈ ఆరేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

నీ దగ్గర ఎందుకు దాచానంటావు. మనం కలిసి చేసిన కంప్యూటర్ కోర్సులో ఫస్టు వచ్చింది నేను. మధురానగర్‌లో మీ హాస్టల్ మెట్ల మీద కూర్చోబెట్టి నీకు పాఠం చెప్పింది నేను. బీఈడీ అయ్యాక నీకు ఈ టీచరు ఉద్యోగం వచ్చిందని నువ్వు చెప్పిన రోజుకి, నాది పోయి వారమైంది. 'నీకేంటే, నువ్వు ఎప్పుడో ఇంజినీరువి' అన్నావు. కాదని చెప్పలేకపోయాను. ఆ రోజు ఆగిన మాట ఇన్నేళ్ళూ ఆగిపోయింది. టెక్నికల్ ఆఫీసరు అని నీ ఉత్తరంలో చదివాక ఇక మొయ్యలేకపోయాను. తిట్టాలనుంటే తిట్టు.

ఇప్పుడు నీ మెషీను సంగతి. బాడీ దొరకదన్నవాళ్ళు వెతకలేదు. వెతుకుతాను. అదీ దొరక్కపోతే చేస్తాను.

ఇంకొకటి. ఇది పడడం వల్ల విరిగింది కాదు. మూత తెరిచి మూసే చోట రెండు వైపులా హింజ్ అని ఒక ఇనప కీలు ఉంటుంది. మీ కొండల చెమ్మకి ఎడమ కీలు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మూత ఎత్తినప్పుడల్లా అది తిరగకుండా, తనను పట్టి ఉంచిన ప్లాస్టిక్‌ని లాగుతోంది. ఆ లాగుడుకి లోపల స్క్రూలు పట్టుకునే చిన్న ఇత్తడి గింజలు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. పగులు లోపల దుమ్ము పొరలు పొరలుగా గడ్డకట్టి ఉంది. నెల కిందట విరిగినదానికి అంత దుమ్ము పట్టదు. పైగా ఎవరో ఎప్పుడో జిగురు పూసిన మరక ఉంది, అదీ పసుపు తిరిగిపోయింది. రెండు మూడేళ్ళ పాత పగులు ఇది. పడకపోయినా ఈ వర్షాకాలం దాటేది కాదు.

అందుకని, పడింది నీ చేతుల్లోంచే అయితే, మనసులో ఏమీ పెట్టుకోకు.

జీవమణి


గుమ్మలపాడు
జూలై 9

మణీ,

తిట్టను. కానీ రెండు రోజులు నీ మీద అలిగాను, అది మాత్రం చెప్పాలి. ఆరేళ్ళు నీ ఆఫీసు గురించి పిల్లలకి ఎన్ని చెప్పానో తెలుసా? అలకంతా మూడో రోజు నీ ఉత్తరం మళ్ళీ చదివాక పోయింది. పగుల్లో దుమ్ము చూసి దాని వయసు చెప్పినదానివి, నీకు ఇంకో ఆఫీసు ఎందుకే?

ఇప్పుడు నా వంతు. లాప్‌టాప్ నా చేతుల్లోంచి పడలేదు. వజ్రమ్మ చేతుల్లోంచి పడింది.

వజ్రమ్మ మా హాస్టల్లో వంట చేస్తుంది. నలభై ఆరేళ్ళుంటాయి. చిన్నప్పుడు అయిదో తరగతితో మాన్పించారట. ఏడాది నుంచి, మధ్యాహ్నం గిన్నెలు కడిగి పెట్టాక ఆ గదిలో కూర్చుని నా పాఠాలు వింటోంది. ఒక్కో వాక్యం పదిసార్లు వింటుంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయాలని ఆమె కోరిక. ఆ రోజు పిల్లల వేసవి క్లాసు గంట కొట్టేసరికి కంగారుగా మూత వెయ్యబోయింది. మూత దిగలేదు, గట్టిగా నొక్కింది. మొత్తం జారి నేల మీద పడింది.

హెడ్‌మాస్టరు గారు స్టాఫ్ అందరిముందూ అడిగారు. వంటమనిషికి కంప్యూటర్‌తో ఏం పని అన్నారు. చెప్పకుండా గదిలోకి వెళ్ళి బడి సొత్తు పాడుచేసింది కాబట్టి ఆగస్టు నుంచి వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. వజ్రమ్మ తల దించుకుని నిలబడింది. భర్త లేడు. ఆమె ఉండేది కూడా ఈ బడిలోనే, వంటగది పక్క గదిలో.

నీ ఉత్తరంలో ఆ దుమ్ము సంగతి ఆమెకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మూడోసారి చదివాక, 'అయితే ఇరగ్గొట్టింది నాను కాదేటి టీచరమ్మా?' అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నెల రోజులుగా ఆ మనిషి కడుపునిండా తిన్నది లేదు.

మణీ, అదే మాట షాపు కాగితం మీద, స్టాంపు వేసి, సంతకంతో పంపగలవా? సూర్యనారాయణ గారు కఠినుడే కానీ అన్యాయం చేసే మనిషి కాదు. కాగితం మీద ఉన్నది చదువుతారు. ఈ నెల ముప్ఫైన స్టాఫ్ మీటింగు. అప్పటికి అందాలి.

నీ
రవళి


బల్కంపేట
జూలై 20

రవళికి,

వందనాలు. కాగితం ఇందులోనే ఉంది. మడతలో చిరగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టాను. అది ఎలా తయారైందో చెప్తాను, విను.

ఇక్కడ ఎల్లమ్మ కళ్యాణం జరిగిన వారమంతా మా వీధి జనంతో కదల్లేదు. అమ్మ ఎప్పటిలాగే గుమ్మం ముందు కుండ పెట్టి, వచ్చిపోయేవాళ్ళకి మంచినీళ్ళు పోసింది. నేను మాత్రం ఆ వారమంతా నీ లాప్‌టాప్ బాడీ కోసం షాపులన్నీ తిరిగాను. చివరికి ఒక పాతసామాన్ల గోడౌన్లో, పేర్చిన మెషీన్ల అడుగున, అదే మోడలు దొరికింది. బోర్డు కాలిపోయింది, బాడీ బతికే ఉంది. కాకపోతే దానికి కుడివైపు గింజలు ఊడిపోయాయి. కంపెనీ కట్టిన పద్ధతిలోనే ఆ లోపం ఉందని అప్పుడే అర్థమైంది. నేను మళ్ళీ అలాగే కడితే మళ్ళీ అలాగే ఊడుతుంది.

సనత్‌నగర్‌లో మా మేనమామ జ్ఞానరాజు, లోహం కోసే లేత్ మిషను మీద పనిచేస్తాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. పాత గింజ అరచేతిలో పెట్టుకుని చూసి, 'గింత చిన్నగుంటే ఏం ఆగుతది బిడ్డా, దీనికి అంచు పెట్టాలె' అన్నాడు. అడుగున వెడల్పు అంచుతో ఎనిమిది ఇత్తడి గింజలు కోసిచ్చాడు. అవి పైకి ఊడిరావు, అంచు పట్టుకుంటుంది. వాటి కింద సన్నటి రేకు ముక్క పరిచి, జిగురుతో పాటు స్క్రూలు కూడా వేశాను. కీళ్ళ తుప్పు గీకి, నూనె వేసి, బిగుతు సడలించాను. ఇప్పుడు మూత ఒక్క వేలితో లేస్తుంది.

ఇక కాగితం. నేను చూసిందంతా ఒక పేజీలో రాసి హనుమత్ప్రసాద్ గారికి ఇచ్చాను. చదివారు, బాగానే ఉందన్నారు, తేజని పిలిచి సంతకం పెట్టమన్నారు.

నేను పెడతానన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశారు. 'ఇది ఊరికే రసీదు కాదమ్మా. దీన్ని పట్టుకుని అక్కడ నిర్ణయం తీసుకుంటారు. ఆడమనిషి సంతకం చూస్తే నమ్మరు. నేను అంటున్నది కాదు, లోకం అలా ఉంది,' అన్నారు.

'విప్పింది నేను సార్. దుమ్ము చూసింది నేను. రేపు వాళ్ళు ఫోన్ చేసి అడిగితే తేజ ఏం చెప్తడు?' అన్నాను. ఆ షాపులో ఆయనకి ఎదురు మాట్లాడడం అదే మొదలు.

తేజ పెన్ను తీసి కౌంటరు మీద పెట్టేశాడు. 'నేను పెట్టను సార్. గా పగులు నేను చూడనే లేదు. అక్క చూసింది, అక్కనే పెట్టాలె,' అన్నాడు.

హనుమత్ప్రసాద్ గారు కాగితం మళ్ళీ ఒకసారి చదివారు. ఆ కాగితంలో ఏదన్నా తప్పని తేలితే పోయేది తన షాపు పేరని, అప్పుడు నేను ఇక్కడ పనిచేయడం కుదరదని చెప్పారు. సరేనన్నాను. స్టాంపు నా వైపు తోశారు. 'బి. జీవమణి, మెకానిక్' అని రాసి సంతకం పెట్టాను. నా పేరు పక్కన ఆ మాట రాసుకోవడం నాకిదే మొదటిసారి.

ఇప్పుడొక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ గది తాళం నీ దగ్గరే ఉంటుందని మొదటి ఉత్తరంలో రాశావు. మరి వజ్రమ్మ గారికి తలుపు ఎవరు తీశారు?

జీవమణి


గుమ్మలపాడు
ఆగస్టు 3

మణీ,

తలుపు నేనే తీశాను. ఏడాది పాటు రోజూ నేనే తీశాను. ఆమెని రమ్మన్నదీ నేనే. ఎలా ఆన్ చెయ్యాలో నేర్పిందీ నేనే.

సూర్యనారాయణ గారు అందరిముందూ అడిగినప్పుడు వజ్రమ్మ నావైపు చూడను కూడా చూడలేదు. నన్ను కాపాడడానికే చూడలేదు. నేను ఆ అవకాశం తీసుకుని ఊరుకున్నాను. నా ఉద్యోగం పర్మనెంటు అయ్యేది ఈ ఏడే, మాట వస్తే ఆగిపోతుందని. నీకు కూడా 'బల్ల మీంచి పడింది' అని ఒక్క ముక్కలో దాటేశాను. రెండో ఉత్తరంలోనూ సగమే రాశాను. నీ కాగితం వస్తే నేను నోరు విప్పకుండానే ఆమె బయటపడుతుంది కదా అని లెక్క వేసుకున్నాను. నీ ఉద్యోగం పణంగా పెట్టి నువ్వు సంతకం చేశావని చదివాక, ఆ కాగితం చేత్తో పట్టుకోవడానికే సిగ్గేసింది.

ముప్ఫైన మీటింగు జరిగింది. కాగితం ఇచ్చేముందు లేచి నిలబడి చెప్పాను: 'సార్, వజ్రమ్మ దొంగతనంగా గదిలోకి వెళ్ళలేదు. తాళం తీసింది నేను. చదువుకోమన్నది నేను. ఆ రోజే చెప్పాల్సింది, భయపడ్డాను.' కిటికీ దగ్గర టీ గ్లాసులు పట్టుకుని వజ్రమ్మ నిలబడి ఉంది.

ఆయన కాగితం అందుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ పైకి చదివారు. కీలు తుప్పు, ఊడిన గింజలు, దుమ్ము పొరలు. పసుపు తిరిగిన జిగురు మరక దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. మళ్ళీ ఆ వాక్యమే లోపల చదువుకున్నారు. తర్వాత కళ్ళజోడు తీసి, 'ఆ జిగురు పూయించింది నేనే,' అన్నారు.

మూడేళ్ళ కిందట మూల కొద్దిగా విడిందట. తనిఖీ వాళ్ళు వస్తున్నారని పాడేరు తీసుకెళ్ళి అతికించి తెచ్చారట. తర్వాత మర్చిపోయారు. నేను అప్పుడు సెలవులో ఉన్నాను, నాకూ తెలియదు. మణీ, ఆయన ఒప్పుకోకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అయినా ఒప్పుకున్నారు. లేచి వజ్రమ్మ దగ్గరికి వెళ్ళి, 'తప్పు నాది వజ్రమ్మా. పగిలినదాన్ని నీ చేతికి ఇచ్చి నిన్ను అన్నాను,' అన్నారు.

ఆమె గ్లాసులు కింద పెట్టింది. 'నన్ను తీసెయ్యనని సెప్పండి సాలు బాబూ. ఆ గదిలోకి రానిత్తానని కూడా సెప్పండి,' అంది. మొదటిది అడుగుతుందని అందరం అనుకున్నాం. రెండోది ఎవరూ అనుకోలేదు.

ఆమె పని ఆమెకే ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆ గది ఆమెకి ఇవ్వాలని ఆర్డరు రాసిచ్చారు. నన్ను విడిగా పిలిచి, నిజం ఆలస్యంగా చెప్పినందుకు మందలించారు. పడాల్సిందే, పడ్డాను. ఉద్యోగం సంగతి ట్రస్టు వాళ్ళు చూస్తారన్నారు. ఏదైనా కానీ. రెండు నెలల తర్వాత వజ్రమ్మ వడ్డించిన అన్నం తల ఎత్తుకుని తిన్నాను.

నీ
రవళి


అమీర్‌పేట
ఆగస్టు 19

రవళీ,

ఇది షాపులో కూర్చునే రాస్తున్నాను. నెల రోజులు రోజూ తెరిచి మూసి చూసి, నిలుస్తుందని నమ్మకం కుదిరాక లాప్‌టాప్ ఈ రోజు పార్సిల్ చేశాను. మూత రెండు చేతులతో, మధ్యలో పట్టుకుని ఎత్తమని అందరికీ చెప్పు. ఒక మూల పట్టుకుని లాగొద్దు. వర్షాకాలంలో గుడ్డ చుట్టి, బియ్యం డబ్బా పక్కన కాకుండా పొడిగా ఉన్న అలమరలో పెట్టండి. రంగు కొద్దిగా తేడా ఉంటుంది, పైది నల్లగా, కిందిది బూడిదగా. కావాలంటే రంగు వేసేదాన్ని. వెయ్యాలనిపించలేదు. బాగుచేసినది బాగుచేసినట్టే కనపడనీ.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. అప్పుడు అమ్మకి కూడా నా పని గురించి పూర్తిగా చెప్పాల్సి వచ్చింది. చర్చిలో అందరికీ 'మా అమ్మాయి ఇంజినీరు' అని చెప్పుకుంటుంది కదా, బాధపడుతుందనుకున్నాను. 'నీ బట్టలకి వచ్చే ఆ కాలిన వాసన ఆఫీసు వాసన కాదని నాకు తెల్వదా?' అంది. తెలిసి కూడా నేను చెప్పేదాకా అడగకుండా ఊరుకుంది. ఆదివారం మందిరంలో, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్తానని లేచి, ఆ ఎనిమిది గింజల సంగతి మొత్తం చెప్పేసింది. జ్ఞానరాజు మామ వెనక వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

నిన్న పంజాగుట్ట నుంచి ఒక లాయరమ్మ వచ్చింది. నాలుగు షాపులు తిరిగిందట, మూల విరిగిన లాప్‌టాప్ పట్టుకుని. తేజ అది తీసుకుని లోపలికి రాబోతుంటే హనుమత్ప్రసాద్ గారు ఆపారు. 'జీవమణీ, బయటికి రామ్మా. ఆవిడతో నువ్వే మాట్లాడు,' అన్నారు. కర్టెన్ తీసుకుని బయటికి వచ్చాను. ఎన్ని రోజులు పడుతుందో, ఏమేం మార్చాలో చెప్పాను. ఆవిడ నా మాటే నోట్‌బుక్‌లో రాసుకుంది. కర్టెన్ మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. ఇప్పుడు ఇక్కడ నుంచి చూస్తే మెట్లు, మెట్ల మీద దిగేవాళ్ళ కాళ్ళు, పైన కొంచెం ఎండ కనిపిస్తున్నాయి.

లాప్‌టాప్ అందగానే రాయి.

నీ మణి


గుమ్మలపాడు
సెప్టెంబరు 2

మణీ,

నిన్న అందింది. అందరం ఆ గదిలోనే ఉన్నాం, పిల్లలు కిటికీల నిండా వేలాడారు. మొదట ఎవరు తెరవాలన్న ప్రశ్న వచ్చింది. సూర్యనారాయణ గారు వజ్రమ్మని చూపించారు. ఆమె చేతులు కడుక్కుని వచ్చింది, తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. నువ్వు చెప్పినట్టే రెండు చేతులతో, మధ్యలో పట్టుకుని ఎత్తింది. చప్పుడు లేకుండా లేచి, ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం కింద మోకాళ్ళ మీద కూర్చుని, కీలు దగ్గర వేలితో తడుముతూ ఉండిపోయింది.

ఈ వారం ఓపెన్ స్కూలు దరఖాస్తు పంపాలి. వివరాలు లాప్‌టాప్‌లో టైపు చేసి పెట్టుకుంటే పాడేరు వెళ్ళి నేను ఎక్కిస్తాను. ఈ మధ్యాహ్నం ఆమెనే టైపు చేయమన్నాను. ఒక్క వేలితో కొట్టింది. పేరుకే పావుగంట పట్టింది. ఊరు, పుట్టిన ఏడు, తల్లి పేరు. నేను పక్కన కూర్చున్నానే కానీ చెయ్యి పెట్టలేదు.

వృత్తి అన్న చోట ఆగింది. 'ఇక్కడేటి రాయాల?' అని అడిగింది. చేసే పని రాయాలి, వంట అని కొట్టమన్నాను. కొట్టింది. చూసుకుంది. తర్వాత నన్ను అడగకుండానే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఆ మాట పక్కనే ఇంకో మాట కొట్టింది.

'వంట. చదువు.'

అలాగే పంపుతున్నాను.

నీ
రవళి